జాంగో క్వెరీసెట్

పైథాన్ భాషలో వెబ్‌సైట్లను నిర్మించడానికి వాడే జాంగో అనే స్వేచ్ఛా సాఫ్టువేరులో, డేటాబేసును అడగదలచిన ప్రశ్నకు ప్రతినిధిగా ఉండే ఆబ్జెక్టును క్వెరీసెట్ అంటారు. మామూలుగా డేటాబేసును ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్నిస్తారు. క్వెరీసెట్‌ను వాడే ప్రోగ్రామరు ప్రశ్నను పైథాన్‌లోనే రాస్తాడు. దానిని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చే పనిని జాంగో చూసుకుంటుంది. క్వెరీసెట్ ప్రశ్నే గాని జవాబు కాదు. జవాబుతో అవసరం పడేదాకా అది డేటాబేసు దగ్గరకు వెళ్ళదు. దీని సౌలభ్యాలలోను, దీనితో వచ్చే చిక్కులలోను చాలా భాగం ఈ ఒక్క గుణం నుండే పుట్టాయి.

నేపథ్యం

ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో సమాచారమంతా పట్టికలలో ఉంటుంది. ప్రోగ్రాములలో అదే సమాచారం ఆబ్జెక్టుల రూపంలో ఉంటుంది. ఈ రెండు రూపాలను కలిపే వంతెనను ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపింగ్, క్లుప్తంగా ఓఆర్ఎమ్ అంటారు. జావాలో హైబర్నేట్, రూబీలో యాక్టివ్ రికార్డ్, పైథాన్‌లోనే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ ఈ కోవకు చెందినవే.

జాంగో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక కార్యాలయంలో పుట్టింది. ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దీనిని ప్రారంభించారు. 2005 జూలైలో అందరికీ విడుదలైంది. గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరును దీనికి పెట్టారు. నేటి క్వెరీసెట్ 2006లో వెలువడిన 0.95 కూర్పుతో వచ్చింది. దాని లోపలి యంత్రాంగాన్ని మాల్కమ్ ట్రెడినిక్ తిరగరాయగా, ఆ మార్పు 2008 సెప్టెంబరు నాటి 1.0 కూర్పులో చేరింది. ప్రశ్నను పట్టికల పేర్లతో, షరతులతో కూడిన ఒక నిర్మాణంగా దాచుకొని, చివరిలో మాత్రమే ఎస్‌క్యూఎల్‌గా మార్చే నేటి పద్ధతి ఆ శ్రమ ఫలితమే.

ప్రశ్నను కట్టడం

ఒక గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో రచయితల పట్టిక ఒకటి, పుస్తకాల పట్టిక ఒకటి ఉన్నాయి. ప్రతి పుస్తకానికి ప్రక్రియ, ముద్రణ సంవత్సరం, రచయిత ఉంటాయి. నవలలు కావాలంటే ఇలా మొదలుపెట్టవచ్చు. (జాంగోలో ఈ పేర్లన్నీ రోమన్ లిపిలో ఉంటాయి.)

నవలలు = పుస్తకం.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(ప్రక్రియ="నవల")

ఈ వాక్యం నడిచినప్పుడు డేటాబేసుకు ఏ సందేశమూ వెళ్ళదు. దీనికి మరొక ఫిల్టర్ తగిలిస్తే 1950 తరువాతివి మాత్రమే మిగులుతాయి. ఎక్స్‌క్లూడ్ చేరిస్తే అనువాదాలు తొలగుతాయి. ఆర్డర్ బై వరుసక్రమాన్ని నిర్ణయిస్తుంది. ప్రతి మెట్టులోను కొత్త క్వెరీసెట్ తయారవుతుంది, పాతది చెక్కుచెదరదు. కాబట్టి "నవలలు" అనే ఒకే ప్రశ్న నుండి ఒక పుటకు పాత నవలలను, ఇంకొక పుటకు కొత్తవాటిని విడిగా సాధించవచ్చు.

"లేదా", "కాదు" వంటి షరతులను కలపడానికి క్యూ ఆబ్జెక్టులు ఉన్నాయి. పుస్తకం నుండి రచయిత జన్మస్థలం దాకా వెళ్ళవలసివస్తే, రెండు పేర్ల నడుమ రెండు అడుగుగీతలు వరుసగా పెడితే చాలు. పట్టికలను జోడించే పని జాంగో చేస్తుంది. పాఠకుడు వెతుకుడు పెట్టెలో టైపు చేసిన మాటలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకుండా వేరుగా పంపుతుంది కనుక, ఆ మాటలలో దొంగ ఆదేశాలు దాచి డేటాబేసును పాడుచేసే దాడికి తావు తక్కువ. ముడి ఎస్‌క్యూఎల్‌ను సొంతంగా అతికించి రాసేవారికి మాత్రం ఈ రక్షణ ఉండదు.

ప్రశ్న ఎప్పుడు వెళుతుంది

క్వెరీసెట్ మీద ఫర్ లూప్ తిప్పినప్పుడు, దానిని జాబితాగా మార్చినప్పుడు, పొడవు అడిగినప్పుడు, ఖాళీయా కాదా అని ఇఫ్‌తో చూసినప్పుడు డేటాబేసుకు ప్రశ్న చేరుతుంది. వచ్చిన జవాబును ఆ క్వెరీసెట్ దాచుకుంటుంది, రెండవసారి తిప్పితే మళ్ళీ అడగదు. అదే ప్రశ్నను మరొకచోట కొత్తగా రాస్తే మాత్రం మళ్ళీ అడుగుతుంది, ఈలోపు పట్టికలో మార్పు జరిగి ఉంటే రెండు జవాబులూ పొసగకపోవచ్చు.

ఎన్ని పుస్తకాలున్నాయో తెలుసుకోవడానికి లెన్ వాడితే అన్నీ మోసుకువచ్చి లెక్కపెడుతుంది. కౌంట్ వాడితే డేటాబేసే లెక్కపెట్టి ఒక్క అంకెను పంపుతుంది. ఉన్నాయా లేవా అన్నంతవరకే అయితే ఎగ్జిస్ట్స్ చాలు. మొదటి 20 మాత్రమే కావాలంటే ముక్క కోయవచ్చు, కాని కోసిన తరువాత మరొక ఫిల్టర్ పెట్టడానికి వీలులేదు. వరుసక్రమం చెప్పకుండా పుటలుగా కోయడం పొరపాటు. క్రమానికి డేటాబేసు హామీ ఇవ్వదు కనుక ఒకే పుస్తకం రెండు పుటలలో కనబడవచ్చు, మరొకటి ఎక్కడా కనబడకపోవచ్చు.

ఒక ఫిల్టరా, రెండా

కొత్తవారే గాక అనుభవజ్ఞులూ తడబడే చోటు ఇది. 1950కి ముందు నవల రాసిన రచయితలు ఎవరు అనేది ప్రశ్న. ఒక రచయిత 1940లో కవితాసంపుటిని, 1960లో నవలను వెలువరించాడనుకుందాం. ప్రక్రియ, సంవత్సరం అనే రెండు షరతులనూ ఒకే ఫిల్టర్‌లో పెడితే, అవి రెండూ ఒకే పుస్తకానికి వర్తించాలని అర్థం. అప్పుడు ఇతడు రాడు. ఒకదాని వెంట ఒకటిగా రెండు ఫిల్టర్లు పెడితే, నవల ఏదో ఒకటి ఉండాలి, 1950కి ముందటి పుస్తకం ఏదో ఒకటి ఉండాలి అనే అర్థం వస్తుంది. అప్పుడు ఇతడూ జాబితాలోకి వస్తాడు. రెండు రాతలూ పైకి ఒకలాగే ఉంటాయి, ఏ దోషసందేశమూ రాదు, జవాబు మాత్రం మారిపోతుంది. పుస్తకాల వంటి ఒకే పట్టికలోని సొంత లక్షణాలకు ఈ తేడా లేదు. ఒకరికి అనేకం ఉండే సంబంధాలలోనే ఉంది. అటువంటి ప్రశ్నలలో ఒకే రచయిత పలుమార్లు రావడమూ కద్దు. దానికి డిస్టింక్ట్ వాడతారు.

నూట ఒక్క ప్రశ్నలు

100 పుస్తకాలను తెచ్చి, ప్రతి పుస్తకం పక్కన రచయిత పేరు చూపే పుటలో, పుస్తకాలకు ఒక ప్రశ్న, ఒక్కొక్క రచయితకు ఒక్కొక్కటి చొప్పున 100, వెరసి 101 ప్రశ్నలు వెళతాయి. ప్రోగ్రాములో చూస్తే ఉన్నది ఒక్క లూపే. రాసినవారి కంప్యూటరులో పది పుస్తకాలతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు. గ్రంథాలయం పెరిగిన తరువాత పుట నత్తనడక నడుస్తుంది.

సెలెక్ట్ రిలేటెడ్ రెండు పట్టికలనూ జోడించి 101ని ఒక్కటి చేస్తుంది. ఒక రచయితకు చెందిన అనేక పుస్తకాల వంటి వాటికి 2012 మార్చిలో వచ్చిన 1.4 కూర్పు నుండి ప్రీఫెచ్ రిలేటెడ్ ఉంది. అది రెండవ ప్రశ్నతో పుస్తకాలన్నీ ఒకేసారి తెచ్చి, ఎవరివి వారికి పైథాన్‌లో జతచేస్తుంది. అలా తెచ్చినవాటి మీద లూపులో మళ్ళీ ఫిల్టర్ పెడితే అది కొత్త ప్రశ్న అవుతుంది, ముందు తెచ్చిన శ్రమ వృథా.

లెక్కలు, మార్పులు

రచయితకు ఎన్ని పుస్తకాలో అతని పక్కనే చూపడానికి ఆనొటేట్, మొత్తానికి ఒకే లెక్క కావాలంటే అగ్రిగేట్ ఉన్నాయి. ఇవి 2009 జూలై నాటి 1.1 కూర్పులో వచ్చాయి. ఇక్కడ క్రమం ముఖ్యం. పుస్తకాలను సంవత్సరాన్ని బట్టి ముందు ఫిల్టర్ చేసి తరువాత లెక్కిస్తే, మిగిలిన పుస్తకాలే లెక్కకు వస్తాయి. ముందే లెక్కిస్తే ఆ షరతు లెక్కను కుదించదు.

ఆ కూర్పులోనే వచ్చిన ఎఫ్ వ్యక్తీకరణ మరొక చిక్కును తీరుస్తుంది. ఒక పుస్తకానికి 3 ప్రతులుండగా ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో చెరొకటి ఇచ్చారనుకుందాం. ఇద్దరి ప్రోగ్రాములూ 3 అని చదివి, 2 అని రాస్తాయి. అలమరలో మిగిలింది ఒక్కటే. ఎఫ్ వాడి అప్‌డేట్ చేస్తే, ఉన్న అంకె నుండి ఒకటి తీసివేయమని డేటాబేసుకే చెప్పినట్లవుతుంది కనుక లెక్క తప్పదు. అప్‌డేట్ ఒక్కొక్క ఆబ్జెక్టు సేవ్ పద్ధతిని పిలవదు. అందులో ఏవైనా తనిఖీలు రాసి ఉంటే అవి జరగవు.

ఏ ప్రశ్న వెళ్ళబోతున్నదో చూడాలంటే క్వెరీసెట్‌కు ఉన్న క్వెరీ అనే లక్షణాన్ని ప్రింట్ చేయవచ్చు. 2018లో వచ్చిన 2.1 కూర్పు నుండి ఎక్స్‌ప్లెయిన్ పద్ధతి ద్వారా, డేటాబేసు ఆ ప్రశ్నను ఏ దారిన నెరవేర్చబోతున్నదో దాని మాటలలోనే చదువుకోవచ్చు.