బార్బీ లాప్‌టాప్‌కి వైరస్

బార్బీ లాప్‌టాప్ ముందేసుకుని రోబో కుక్కపిల్లతో ఒక గేమ్ తయారుచేస్తోంది. ఆడి చూస్తానని చెల్లెలు స్కిపర్ అడిగితే నవ్వేస్తుంది. తాను డిజైన్ ఆలోచనలు మాత్రమే ఇస్తుందట, దాన్ని అసలు గేమ్‌గా మార్చడానికి స్టీవెన్, బ్రయన్ అనే అబ్బాయిల సాయం కావాలట. ఇంతలో కంప్యూటర్‌కి వైరస్. మెడలో వేసుకున్న గులాబీరంగు పెన్‌డ్రైవ్ తీసి చెల్లెలి లాప్‌టాప్‌కి పెట్టి, దానికీ అంటిస్తుంది. విరుగుడు చెప్పేది స్కూల్లో కంప్యూటర్ టీచరమ్మే. కానీ కీబోర్డు మళ్లీ అబ్బాయిల చేతికే!

ఈ కథ ఉన్న పుస్తకం 2010లో అమెరికాలో వచ్చింది, పేరు 'ఐ కెన్ బి ఎ కంప్యూటర్ ఇంజినీర్'. నాలుగేళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2014 నవంబరులో ఇంటర్నెట్‌లో దుమారం రేగి, పాఠకులే బార్బీ మాటలు మార్చి రాసి పేజీలు పంచుకోవడం మొదలుపెట్టాక, బార్బీ బొమ్మలు తయారుచేసే మాటెల్ కంపెనీ క్షమాపణ చెప్పింది. నిజానికి ఆడపిల్లలను తక్కువచేసే ఈ పొరపాటు ఆ కంపెనీకి కొత్త కాదు. 1992లో వచ్చిన మాట్లాడే బార్బీ, లెక్కల క్లాసు కష్టమని వాపోయేది.

పుస్తకంలోనైతే మాటలు కనబడతాయి, పట్టుకోవచ్చు. కంప్యూటర్ పెట్టె లోపలి తేడా అంత తేలిగ్గా దొరకదు. 1999లో మాటెల్ బొమ్మల పేర్లతో రెండు కంప్యూటర్లు బజారులోకి వచ్చాయి: ఆడపిల్లలకు పూల బార్బీ పీసీ, మగపిల్లలకు మంటల బొమ్మలున్న హాట్ వీల్స్ పీసీ. రెండూ 599 డాలర్లే. హాట్ వీల్స్‌లో మానవ శరీర నిర్మాణాన్ని చూపే ప్రోగ్రామ్ ఉంది, బార్బీలో లేదు. బార్బీ సాఫ్ట్‌వేర్‌కే చోటు సరిపోయిందని కంపెనీ సంజాయిషీ. ఆడపిల్లకు అస్థిపంజరంతో పనేమిటనుకున్నారో ఏమో!

పిల్లల మీద ఇలాంటివి ఎంత పనిచేస్తాయి? 2021లో అమెరికా పరిశోధకులు ఎనిమిది, తొమ్మిదేళ్ల ఆడపిల్లలకు రెండు కంప్యూటర్ పనులు చూపించారు. ఒకదాని గురించి, దీనిమీద అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఆసక్తి తక్కువ అన్నారు. రెండోదానిపై ఇద్దరికీ సమానమే అన్నారు. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మొదటిదాన్ని ఎంచుకున్నవారు 35 శాతమే. వాళ్లను వెనక్కి లాగింది పని కాదు, దాని ముందు చేర్చిన ఆ ఒక్క మాట.

దీనికి ఎదురు ప్రయోగం 2017లోనే జరిగింది. ఆరేళ్ల పిల్లలు 96 మందిని తీసుకుని, కొందరి చేత ఒక చిన్న రోబోకి ప్రోగ్రామ్ చేయించారు. ముందుకు, వెనక్కు, కుడికి, ఎడమకు నడిపించడం, అంతే. రోబో జోలికి పోని ఆడపిల్లలతో పోలిస్తే, దాన్ని నడిపిన ఆడపిల్లలకు టెక్నాలజీపై ఆసక్తి, తమకూ వస్తుందన్న నమ్మకం రెండూ ఎక్కువగా కనిపించాయి. ఈ రెండింటిలో అబ్బాయిలకూ వాళ్లకూ మధ్య తేడా కూడా తగ్గింది.