భద్రాచలం రోడ్డుకు ప్యాసింజరు

పిల్లలూ! ఒక ఊరి పేరు గల స్టేషనులో దిగితే ఆ ఊరు కనపడకపోవటం మీరెక్కడయినా చూశారా? డోర్నకల్ జంక్షనులో ప్యాసింజరు బండి ఎక్కి తూర్పుగా సుమారు 55 కిలోమీటర్లు పోతే "భద్రాచలం రోడ్" అనే స్టేషను వస్తుంది. దిగి చూస్తే అక్కడ గోదావరీ ఉండదు, రాములవారి గుడీ ఉండదు. అది కొత్తగూడెం! భద్రాచలం అక్కడికి ఇంకా 40 కిలోమీటర్లు.

కారణమేమంటే, ఈ రైలుదారి పుట్టింది రాముడి కోసం కాదు, బొగ్గు కోసం.

తొందర గలవాళ్ళు ఈ బండి ఎక్కరాదు. కారేపల్లి, గాంధీపురం, చీమలపహాడ్, తడికలపూడి, బేతంపూడి—ఇలా చిన్న చిన్న స్టేషనులన్నిటినీ పలకరిస్తూ పోతుంది. పొద్దున బండిలో వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ దగ్గిర కూచోవటం మంచిది. బండి తూర్పుకు పోతుంది గనుక ఎండ ఎదుటినుంచీ, కుడివైపునుంచీ కొడుతుంది. ఎడమవైపు చల్లగా ఉంటుంది. మొదట మిరపచేలూ, పత్తిచేలూ, తాటిచెట్లూ కనిపిస్తాయి. పోను పోను చేలమధ్య చెట్లు పోయి, చెట్లమధ్య చేలు వస్తాయి.

కారేపల్లి దగ్గిర కొంచెం జాగ్రత్తగా చూడండి. ఈ ప్రాంతంలోనే సింగరేణి అనే పల్లె ఉన్నది. ఎడమవైపున, ఉత్తరాన, ఎల్లందు ఉన్నది. ఎల్లందును గురించి ఒక కథ చెప్పుకుంటారు. పూర్వం భద్రాచలం పోయే యాత్రికులు కొందరు అక్కడ బస చేసి, మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టి వంట మొదలుపెట్టారట. కాసేపటికి కట్టెలతోపాటు రాళ్ళు కూడా అంటుకున్నాయట! రాళ్ళు మండటం చూసి వాళ్ళు ఎంత హడలిపోయి ఉంటారో ఆలోచించండి. నేలబొగ్గుకు మన పెద్దలు "రాక్షసిబొగ్గు" అని ఊరికే పేరు పెట్టలేదు.

కథ మాట ఎలా ఉన్నా, 1871లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఎల్లందు దగ్గిర బొగ్గుపొరను కనుగొన్నాడు. అక్కడి ఒక పొరకు ఆయన పేరే పెట్టారు. 1889లో తవ్వకం మొదలయింది. తీసిన బొగ్గును ఎడ్లబండ్లమీద ఎంతని తోలగలరు? అందుకని డోర్నకల్ నుంచి గనులకు పట్టాలు వేశారు. తరవాత ఆ దారే కొత్తగూడెం దాకా సాగింది. 1920లో గనుల కంపెనీ ఆ చిన్నపల్లె పేరు పెట్టుకుని "సింగరేణి కాలరీస్" అయింది.

అసలు ఈ అడవికింద బొగ్గు ఎలా వచ్చింది? 25 కోట్ల ఏళ్ళకు పూర్వం ఇక్కడ పెద్ద పెద్ద చిత్తడినేలలు ఉండేవి. వాటిలో పెరిగిన చెట్ల ఆకులూ, కొమ్మలూ నీటిలో పడి, గాలి సోకక, పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్నాయి. వాటిమీద ఇసుకా, మన్నూ పొరలు పొరలుగా పడ్డాయి. ఆ బరువుకూ, భూమిలోని వేడికీ అవి నల్లగా మారి బొగ్గయినాయి. ఆ చెట్లలో ముఖ్యమైనది గ్లోసోప్టెరిస్. దాని ఆకు నాలుకలాగా ఉంటుంది. బొగ్గుపొరల నడుమ దొరికే రాతిపలకల మీద ఈ ఆకు అచ్చు, ఈనెలతో సహా, కనబడుతుంది.

ఇంకో వింత వినండి. 1912లో కెప్టెన్ స్కాట్, ఆయన అనుచరులు దక్షిణధ్రువం చేరి తిరిగివస్తూ మంచులో చనిపోయారు. ఆకలితో, చలితో అడుగు పడని స్థితిలో కూడా వాళ్ళు దాదాపు 16 కిలోల రాళ్ళను బండిమీద లాక్కుని వచ్చారు, పారవేయలేదు! ఆ రాళ్ళలో ఉన్నది ఈ నాలుక ఆకే. మన దేశమూ, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణధ్రువఖండమూ ఒకప్పుడు కలిసి ఉండేవనటానికి అదొక పెద్ద సాక్ష్యమయింది. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు "గోండ్వానా" అని పేరు పెట్టారు, మన గోండుల దేశం పేరు మీదనే. ఫాల్గుణ, చైత్రమాసాల్లో ఈ ప్రాంతపు అడవుల్లో తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునే కోయవారు ఆ గోండులకు దగ్గిరి చుట్టాలు. వారి భాషలు కూడా దగ్గిరవే.

కొత్తగూడెంలో దిగి బస్సు ఎక్కితే పాల్వంచ వస్తుంది. ఇక్కడ ఈ బొగ్గూ, కిన్నెరసాని నీళ్ళూ కలిసి కరెంటు అవుతున్నాయి. భక్త రామదాసు అనబడే కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో తహసీలుదారు పని చేసినది ఈ పాల్వంచ పరగణాకే. సర్కారు పన్ను డబ్బు గుడికి ఖర్చుపెట్టి, గోలకొండలో ఖైదయినాడు. ఆ కథ మీకు తెలిసినదే.

సారపాక దాటగానే గోదావరి. 1965లో వంతెన తయారయ్యేదాకా యాత్రికులు ఇక్కడ పడవలకోసం కాచుకునేవారు. భద్రాచలంలో గుడి చూసినాక రేవులోకి తప్పక వెళ్ళండి. వేసవిలో ఇసుకతిన్నెలమధ్య పాయలుగా పారే ఈ నదే 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఇక్కడ నీరు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది వచ్చిందంటే పల్లపు ఊళ్ళవాళ్ళు పిల్లలనూ, పశువులనూ తీసుకుని కదలవలసిందే. రేవులో నిలబడి తలెత్తి, 75 అడుగుల నీరు ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో చూడండి. నాకయితే గుండె జల్లుమన్నది.

సాయంత్రం తిరుగుబండిలో వస్తుంటే ఒక చిన్న స్టేషనులో మమ్మల్ని పక్కదారిలో నిలిపేశారు. బొగ్గుబండికి దారి ఇవ్వాలి! ఒక్కొక్క పెట్టెలో అరవై టన్నులకు పైగా బొగ్గుతో అది మెల్లిగా, నేల అదిరేటట్టు వెళ్ళింది. నా ఎదుట కూచున్న కుర్రవాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "యాభై ఆరు పెట్టెలు!" అన్నాడు. "కాదు, యాభై తొమ్మిది," అన్నది వాడి చెల్లెలు. ఇద్దరూ నన్ను సాక్ష్యం అడిగారు. నేను నలభై దగ్గిరే లెక్క తప్పాను.