సోలార్ హీటరు కొంటున్నారా? ముందు కాగు లోపల చూడండి!

ధనుర్మాసం వచ్చిందంటే పొద్దున్నే పొయ్యి మీద కాగు దిగదు. ముసలివాళ్లకు, పసిపిల్లలకు వేన్నీళ్లు కావాలి. పాల క్యాన్లు కడగడానికి మరో బిందెడు. కొబ్బరి మట్టలో పిడకలో ఎన్నని ఎగదోస్తాం? పక్కింటి డాబా మీద సోలార్ హీటరు చూసి, మనమూ ఒకటి పెట్టిద్దామని మీకు అనిపించే ఉంటుంది. మంచిదే. కాని డబ్బు కట్టేముందు మీ నీళ్ల సంగతి తేల్చుకోండి.

నీరు ఎలాంటిది?

తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు గోదావరి కాలవ నీరు అందే ఇళ్లకు అంత చిక్కు లేదు. కొల్లేరు వైపు దిగేకొద్దీ చాలాచోట్ల బోర్లలో ఉప్పు నీరే. నోటికి ఉప్పగా తగలడం ఒక్కటే గుర్తు కాదు. కాగు లోపల తెల్లగా పెచ్చు కడుతోందంటే ఆ నీటిలో సున్నపు గుణం ఎక్కువన్నమాట. రాగి గొట్టాల హీటరులో నీరు సన్నటి దారిన నడుస్తుంది. అక్కడ పెచ్చు కడితే గొట్టం పూడిపోయి, వేలు పోసి కొన్న సరుకు మూలపడుతుంది.

చలి సీమల ఉపాయం

లడఖ్ లాంటి చోట్ల బాధ వేరు. గొట్టాల్లో నీరు గడ్డకట్టి, ఉబ్బి, వాటిని పగలగొడుతుంది. అందుకని గ్లైకాల్ కలిపిన ద్రవాన్ని గొట్టాల్లో తిప్పి, ఆ వేడిని ట్యాంకు నీటికి అందించే పద్ధతి ఉంది. దీన్ని హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు. మనకు గడ్డకట్టే బాధ లేకపోయినా, బోరు నీరు రాగి గొట్టాల్లోకి పోకుండా ఇదే కాపాడుతుంది. కాకపోతే ధర ఎక్కువ. అంత పెట్టలేనివారు గాజు గొట్టాల రకం చూడొచ్చు. గొట్టం లావు కాబట్టి తొందరగా పూడదు, విప్పి కడగొచ్చు. ఏ రకమైనా ట్యాంకు ఏటా కడిగించాల్సిందే.

గిట్టుబాటు ఎవరికి?

100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటు పడుతుంది. ఏడాది పొడవునా పాల క్యాన్లు కడిగేవారికి ఇది మిగులే. రెండు నెలల స్నానాల కోసమైతే అప్పు చేసి కొనకండి. నల్ల డ్రమ్ములో నీళ్లు నింపి, మూతపెట్టి ఎండలో ఉంచితే సాయంత్రం స్నానానికి గోరువెచ్చగా ఉంటాయి.

కొనేవారు దక్షిణం వైపు తిప్పి పెట్టించండి. కొబ్బరిచెట్ల నీడ పడకూడదు. చన్నీళ్ల ట్యాంకు హీటరు ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. ముసురు రోజులకు కాగు ఎలాగూ ఉంది, పారెయ్యకండి!