మీ బండి నెలకు ఎన్ని కిలోల కార్బన్ వదులుతోంది?
ఈ లెక్కకి కొత్త గ్యాడ్జెట్ ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. లీటర్ పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటర్ బరువే ముప్పావు కిలో కదా అంటారా? పెట్రోల్‌లోని కార్బన్‌కి గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది, అందుకే అంత బరువు.

కిలోమీటర్లను బట్టి చెప్పే యాప్‌లను పూర్తిగా నమ్మకండి. శాలిబండ నుంచి హైటెక్ సిటీకి వెళ్లి రావడానికి నాకు దాదాపు 40 కిలోమీటర్లు. మైలేజీ 40 అనుకుంటే రోజుకో లీటర్, 25 రోజులకి 57.5 కిలోలు. కానీ చార్మినార్, మదీనా ట్రాఫిక్ దాటి వెళ్లే నా బండి ఇచ్చేది 32 మాత్రమే. అంటే దాదాపు 72 కిలోలు!

కాబట్టి బంకులో పోయించిన ప్రతిసారీ లీటర్లు నోట్ చేసి, నెలాఖరున 2.3తో గుణించండి. ఎంజీబీఎస్ దగ్గర మెట్రో ఎక్కితే ఎంత పెట్రోల్ మిగిలిందో కూడా అక్కడే తెలిసిపోతుంది.