పెంపుడు కుక్కయు, పిల్లల పడకయు

తలిదండ్రులు పాఠశాలకు వచ్చినపుడు పిల్లల చదువును గూర్చియే గాక వారి అలవాట్లను గూర్చియు ముచ్చటించుచుందురు. ఈమధ్య తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "మా వాడు కుక్కపిల్లను ప్రక్కలో పండుకొనబెట్టుకొననిదే నిద్రపోడు. ఇది మంచిదేనా మాస్టారూ?" ఇంటిలోని నాయనమ్మగారు మైల యనుచున్నారు, తండ్రి ఏమియు ఫరవాలేదనుచున్నాడు, దుప్పట్లు ఉదుకు తల్లికి మాత్రము విసుగు కలుగుచున్నది. ఈ ముగ్గురి మాటలలోను కొంత సత్యము లేకపోలేదు. కావున విషయమును నిదానముగా పరిశీలింతము.

మన బరంపురములోను, గంజాము జిల్లా గ్రామములలోను పూర్వము ఈ ప్రశ్నయే పుట్టెడిది కాదు. ఇంటిముందు వీధి అరుగు ఉండెడిది. కుక్క అరుగుక్రింద పండుకొని, రాత్రియెల్ల ఇల్లు కాచి, ఉదయమున పెట్టిన ముద్ద తిని తృప్తిపడెడిది. నేడు అరుగులు తగ్గిపోయినవి. మేడలలో రెండు మూడు గదులు అద్దెకు తీసికొని కాపురముండువారికి కుక్కను కట్టివేయుటకు వాకిలియే లేదు. ఆ విధముగా కుక్క వీధినుండి వసారాకును, వసారానుండి పడకగదికిని, అక్కడనుండి పరుపుమీదికిని చేరినది. తప్పు కుక్కదియు కాదు, పిల్లవానిదియు కాదు; ఇండ్లు మారినవి.

మన సారస్వతమున కుక్కకు అగౌరవము లేదు. నన్నయభట్టారకుని ఆదిపర్వమున, నిష్కారణముగా దెబ్బలు తిన్న తన బిడ్డకొరకు దేవశుని సరమ జనమేజయుని నిలదీయును. తిక్కన సోమయాజి రచించిన మహాప్రస్థానికపర్వమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడు. కుక్కను సింహాసనముపై కూర్చుండబెట్టిన సుమతీ శతక పద్యమును పిల్లలు అప్పగింతురు గాని, అది నీచుని గూర్చి చెప్పినది. కుక్కకు తీర్పు కాదు. అయినను "కుక్కకు చనువిచ్చిన మూతి నాకును" అన్న సామెతను కూడ మన పెద్దలే చెప్పిరి. ప్రేమ వేరు, హద్దు వేరు అని దాని భావము.

ముందుగా మేలును చెప్పుకొందము. కుక్క ప్రక్కనున్న పిల్లవానికి చీకటి భయము తగ్గును. కుక్క శరీరము మన శరీరముకంటె వెచ్చన. దాని సహజమైన వేడిమి సుమారు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. చలికాలమున ఆ వెచ్చదనము హాయిగనే తోచును. అన్నదమ్ములు, అప్పచెల్లెండ్రు లేని పిల్లలకు ఆ మూగజీవమే తోడు. ఈ ఓదార్పును చిన్నదిగా తలపరాదు.

ఇక నిద్ర సంగతి. కుక్క మనవలె రాత్రియెల్ల ఏకధాటిగా నిద్రపోదు. పలుమారు మేల్కొని చెవులు రిక్కించి మరల కన్నుమూయును. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఆరోగ్యవంతులైన 40 మంది పెద్దవారిని, వారి కుక్కలను ఏడు రాత్రులు పరీక్షించి 2017లో ఫలితములను ప్రకటించిరి. కుక్క గదిలో ఉండి పడకమీద లేనపుడు, పండుకొన్న కాలములో నిద్ర 83 శాతము. పడకమీదికి చేరినపుడు 80 శాతము. అది పిల్లలపై చేసిన పరీక్ష కాకున్నను దానినుండి మనము గ్రహింపదగిన నీతి యొకటి కలదు: తోడు కావలెనన్న కుక్క గదిలో ఉన్న చాలును, పరుపు ఎక్కనక్కరలేదు.

ఆరోగ్యవిషయమున మొదటి చిక్కు పురుగులు. కుక్క రోమములలో పిడుదులును, గెంతుచు కుట్టు చిన్న పురుగులును చేరును. ఈ గెంతుపురుగులు పెట్టు గ్రుడ్లు కుక్కనంటి ఉండక పరుపు కుట్లలోను, బొంత మడతలలోను, నేల బీటలలోను రాలిపడి అక్కడనే పెరుగును. కావుననే కుక్కకు ఎన్ని స్నానములు చేయించినను పడకను శుభ్రపరుపనిచో పురుగు మరల వచ్చును. అట్టి పురుగును పసివాడు తెలియక మ్రింగెనేని కడుపులో ఒక జాతి బద్దెపురుగు పెరుగవచ్చును. తామర మొదలగు చర్మవ్యాధులును దగ్గరి స్పర్శవలన అంటుకొనును. ఏలికపాముల గ్రుడ్లు మాత్రము కుక్క విసర్జించిన పిదప మట్టిలో రెండు మూడు వారములు ఉండిన గాని హాని చేయజాలవు; కాబట్టి ఆ భయము పడకలో కంటె పెరటిమట్టిలో ఎక్కువ. చేతులు కడుగుకొనుటయే దానికి మందు.

రెండవది కాటు. నిద్రలో పిల్లవాడు దొర్లి కుక్కపై పడినచో అది ఉలికిపడి కరవవచ్చును. అందు దాని దురుద్దేశమేమియు లేదు, కాని పన్ను దిగిన చోటు ముఖము కావచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది: పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్. కుక్క ప్రక్కన పండుకొన్నంత మాత్రమున ఇది రాదు. వ్యాధిగల కుక్క లాలాజలము కాటు, గీరు, పుండు, కన్ను, నోరు మొదలగు వానిద్వారా లోనికి ప్రవేశించినపుడే వచ్చును. అయితే వ్యాధి బయటపడుటకు కొన్ని దినముల ముందే లాలాజలములో విషము చేరును. నిద్రించు బాలుని మోకాటి గాయమును కుక్క నాకినచో ఎవరికిని తెలియదు. లక్షణములు కనబడిన పిదప మరణము దాదాపు తప్పదు. దానికి ముందే టీకా వేయించినచో ప్రాణము దక్కును. అనుమానాస్పదములైన జంతువుల కాటునకు గురియగువారిలో సుమారు 40 శాతము 15 ఏండ్లలోపు పిల్లలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

ఈ టీకాను మొదట పొందినవాడును ఒక బాలుడే. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరుకు దానిని ఇప్పించి కాపాడెను. మన దేశమున 1900లో కసౌలీ యందును, 1907లో నీలగిరులలోని కూనూరు నందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. గంజాము అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినది. నేడు దూరప్రయాణము అక్కరలేదు. మన బరంపురముననే 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. ప్రభుత్వాసుపత్రులలో ఈ టీకా ఉచితముగా లభించును.

ఇచ్చట తలిదండ్రులు ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మన తాతలు చెప్పిన కథ ఇంకను ఇండ్లలో తిరుగుచున్నది. ఆ పాతటీకా వాడుక మన దేశమున 2005 నాటికి నిలిచిపోయినది. ఇప్పుడు చర్మములో ఇచ్చు పద్ధతిలో మొదటి దినమునను, దానినుండి 3, 7, 28వ దినములలోను భుజమున చిన్న సూదులు మాత్రమే. పాత భయముతో ఒక బాలుడు, "కుక్కను ఇంటినుండి తరిమివేయుదురు" అను దుఃఖముతో మరియొక బాలుడు గీరును చొక్కాక్రింద దాచును. పడకమీది కుక్కకంటె ఈ దాపరికమే ప్రాణాంతకము. కావున, "గీరుకొన్నదా? వచ్చి చెప్పు. నిన్ను కొట్టము, కుక్కను వెళ్లగొట్టము" అని ప్రతి ఇంటను ముందుగనే మాట ఈయవలెను. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, నాడే ఆసుపత్రికి తీసికొని పోవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు.

ఇక నిర్ణయము. ఈ క్రిందివారి పడకమీదికి కుక్కను ఎన్నడును రానీయరాదు:

1. పసిబిడ్డలు, మాట చెప్పలేని చిన్నపిల్లలు.
2. ఉబ్బసము గలవారు. వీరి గదిలోనికే కుక్క రాకుండుట మేలు.
3. గర్భిణీస్త్రీలు, శస్త్రచికిత్స అయినవారు, మధుమేహముతో పుండ్లున్న పెద్దలు.

తక్కిన పిల్లల విషయమున కుక్కకు మూడు నెలలు నిండగనే రేబిస్ టీకా, పిదప పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల టీకా, క్రమముగా పురుగుల మందు, దేహమున పిడుదులు లేకుండుట అనునవి సరిగా ఉన్నచో దానిని గదిలో ఉంచుకొనవచ్చును. పిల్లవాని మంచము క్రిందనో, చాపకు రెండు మూరల దూరముననో గోనెసంచి మడచి దానిపై పాతదుప్పటి పరచినచో అదియే దాని పడక. వారమున కొకసారి దానిని వేడినీట ఉదికి, మంచి ఎండలో ఆరవేయవలెను. మన వానకాలపు చెమ్మలో ఇది మరింత అవసరము.

అలవాటు మాన్పుటకు కర్ర పనికిరాదు. కుక్క పరుపు ఎక్కినపుడెల్ల క్రిందికి పిలిచి, దాని చోట పండుకొన్న వెంటనే ఒక రొట్టెముక్క ఇచ్చి మెచ్చుకొనవలెను. తండ్రి దింపగా తాతగారు ఎక్కించినచో ఆ మూగజీవము ఎవరి మాట వినును? ఇంటిల్లిపాది ఒక్కమాటమీద ఉన్నచో కొన్ని రాత్రులు మూలిగి అదియే నేర్చుకొనును. ఆ గోనె పరచు పనిని, నీటిచిప్ప కడుగు పనిని, టీకా తేదీని గోడ క్యాలెండరుపై వ్రాయు పనిని పిల్లవానికే అప్పగింపుడు. ప్రక్కలో పండుకొనబెట్టుకొనుట ముద్దు. వేళకు నీరుపెట్టి, వేళకు టీకా వేయించుట ప్రేమ. ఈ భేదమును బాల్యముననే తెలిసికొన్న బిడ్డ రేపు తన ఇంటివారిని, ఇరుగుపొరుగువారిని గూడ అట్లే చూచుకొనును.