తార్నాక చుట్టూ ఏడాది పాఠాలు

జూన్‌లో బడి గంట మోగిందంటే టీచర్లకూ లైబ్రేరియన్లకూ ఒకటే ఆలోచన: ఈ ఏడు పిల్లలకు కొత్తగా ఏం చూపిద్దాం? హైదరాబాదులో తార్నాక కూడలి నుంచి ఉస్మానియా క్యాంపస్ దాకా ఒక్కసారి నడిచి వస్తే ఏడాదికి సరిపడా పాఠాలు దొరుకుతాయి. వాటిలో కొన్ని ఇవి.

జూన్: చదువుకన్నా ముందు అనువాదం

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలో మొదలైంది 1919లో. అంతకు ముందే, 1917లోనే, పాఠ్యపుస్తకాల కోసం అనువాద విభాగం పెట్టారు. సైన్సుకూ చట్టానికీ కావలసిన మాటలను అక్కడ కూర్చుని ఒక్కొక్కటిగా తయారుచేశారు. మీ తరగతిలోనూ ఈ పని చేయించవచ్చు. పాఠంలో వచ్చిన ప్రతి కొత్త పదాన్నీ పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటల్లో రాసి తేవాలి. ఏడాది చివర వాటన్నిటినీ కలిపి కుడితే లైబ్రరీకి సొంత నిఘంటువు అమరుతుంది.

జూలై: కమాను కింద లెక్కలు

ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934 జూలై 5న పునాదిరాయి వేశారు, 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. మధ్యలో ఎన్ని నెలలు పట్టిందన్నదే పిల్లలకు మొదటి లెక్క. ఆ ఎత్తయిన కమాను ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయించండి. వృత్తఖండం, సౌష్ఠవం వాళ్ల కళ్లకే కనిపిస్తాయి. భవనం పేరుతో రైల్వే స్టేషనే ఉంది కాబట్టి ఎంఎంటీఎస్‌లో వెళ్లి రావచ్చు.

ఆగస్టు: లెక్కల మాస్టారే లైబ్రేరియన్

ఆగస్టు 12 ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి. ఆ రోజునే మన దేశంలో గ్రంథపాలకుల దినోత్సవం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రాకముందు ఆయన గణితం బోధించేవారు. 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాల సారం ఒక్కటే: పుస్తకం ఉన్నది చదివేవాళ్ల కోసం. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో, అది రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటోందో చూసుకోవలసిన రోజు ఇదే.

ఆగస్టు 29: అమ్మమ్మ పాటే ఆధారం

గిడుగు రామమూర్తి జయంతి నాడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఉపన్యాసాల పోటీ ఎలాగూ ఉంటుంది. దానితోపాటు మరొకటి చేయండి. ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన బిరుదురాజు రామరాజు ఊళ్ల వెంట తిరిగి జానపద గేయాలు సేకరించారు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీదే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. పిల్లలతో నాయనమ్మ, అమ్మమ్మ పాడే నాట్ల పాటనో బతుకమ్మ పాటనో రాయించండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ కింద తప్పక ఉండాలి. అప్పుడది పరిశోధన అవుతుంది.

సెప్టెంబరు: ప్రయోగశాల తలుపులు తెరిచే రోజు

తార్నాకలో పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే సంస్థ 1944లో హైదరాబాద్ సంస్థానం ప్రయోగశాలగా మొదలైంది. 1956లో సీఎస్ఐఆర్‌లో చేరింది, 1989 నుంచి ఐఐసీటీ. దానికి దగ్గరలోనే సీఎస్ఐఆర్ ప్రయోగశాలలైన ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా ఈ ప్రయోగశాలల్లోకి విద్యార్థులను రానిస్తారు. ఆగస్టులోనే వివరాలు కనుక్కోండి. ప్రతి పిల్లవాడూ శాస్త్రవేత్తను అడగడానికి ఒక ప్రశ్న రాసుకుని వెళ్లాలి.

నవంబరు: పడవెక్కిన పుస్తకాలు

14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకమే రేవు రేవుకూ చేరింది. మన బడిలో పడవ పనిని ఒక గుడ్డసంచి చేస్తుంది. ఇరవై పుస్తకాలు సర్ది వారానికొక తరగతికి పంపండి. ఎవరు ఏది తీసుకున్నారో పిల్లలే రాసుకుంటారు.

జనవరి: పళ్లెంలో సైన్సు

జామియా ఉస్మానియా స్టేషన్ దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒకే గదిలో పుట్టింది. 1958లో హైదరాబాదు చేరింది. 2017లో అది వెలువరించిన ఆహార పట్టికల్లో 528 ఆహార పదార్థాల పోషక విలువలున్నాయి. సంక్రాంతి సకినాల్లోని నువ్వులు, మధ్యాహ్న భోజనంలోని పప్పు ఏమిస్తాయో పిల్లలే ఆ పట్టికలో వెతికి చెప్పాలి.

ఫిబ్రవరి: తాటాకు మీద అక్షరం

ఉస్మానియా గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. తాటాకును గంటంతో గీరి, పైన మసి రుద్ది తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. తాటాకు ముక్క, మేకు, కాస్త మసి ఉంటే తరగతిలోనే చేసి చూపవచ్చు. తన పేరు తాను తాటాకు మీద రాసుకున్న పిల్ల పాత పుస్తకాన్ని జాగ్రత్తగా పట్టుకుంటుంది.

చివరగా ఒక మాట. తెలంగాణలో మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వెళతాయి. అంటే మన పేటలోని శాఖా గ్రంథాలయం మన డబ్బుతోనే నడుస్తోంది. టీచర్లూ, ఈ వారమే అక్కడికి వెళ్లి లైబ్రేరియన్‌ను పలకరించండి. లైబ్రేరియన్లూ, దగ్గరి బడి గడప ఒకసారి తొక్కండి. మీ ఇద్దరూ కలిసి కూర్చుని ఏడాది పట్టిక రాసుకుంటే, పైవాటిలో సగం పనులకు రూపాయి ఖర్చుండదు.