ప్రత్యయాల అరువు

ఒక భాష మరొక భాష నుండి పదాలను గ్రహించడం సర్వసాధారణం. పదాలను పుట్టించే ప్రత్యయాలనే గ్రహించి, వాటిని తన సొత్తుగా చేసుకోవడం అంత తేలిక కాదు. ఆంగ్లభాషా చరిత్రలో ఈ రెండూ జరిగాయి.

ఆంగ్లం పుట్టుకచేత జర్మానిక్ శాఖకు చెందిన భాష. నామవాచకాలను నిర్మించుకోవడానికి దానికి సొంత ప్రత్యయాలు లేకపోలేదు. ‘డార్క్‌నెస్’ అనే పదంలోని ‘నెస్’ అటువంటిదే. అయితే 1066లో నార్మన్ ప్రభువు విలియం ఇంగ్లండును జయించిన పిమ్మట ఆస్థానంలోనూ న్యాయస్థానాలలోనూ ఫ్రెంచి భాష రాజ్యమేలింది. ఫ్రెంచి లాటిన్‌కు పుత్రిక. ఆమె వెంట ‘షన్’, ‘మెంట్’, ‘ఇటీ’ మొదలైన లాటిన్ ప్రత్యయాలు వందలకొద్దీ పదాల చివర అంటిపెట్టుకొని ఆంగ్లంలో ప్రవేశించాయి. తరువాతి పండితులు లాటిన్ గ్రంథాల నుండి మరికొన్ని పదాలను నేరుగా తెచ్చుకున్నారు.

వీటిలో ‘షన్’ కథ మనకు మిక్కిలి ఆసక్తికరం. దాని లాటిన్ రూపం ‘తియో’. పుట్టుట అనే అర్థం గల ధాతువుకు అది చేరి ‘నాతియో’ అయింది. మొదట పుట్టుక అని, ఆపై ఒక పుట్టుకకు చెందిన జనసమూహమని దానికి అర్థం. అదే ఆంగ్లంలో ‘నేషన్’. సంస్కృతంలో ‘జన్’ ధాతువుకు ‘తి’ ప్రత్యయం చేరగా ‘జాతి’ ఏర్పడింది. రెండింటి ధాతువులకూ మూలం ఒకటే. లాటిన్ ‘తియో’ ఈ ‘తి’కి పొడిగింపే. అర్థం నడిచిన దారి కూడా ఒకటే! అలాగే ‘డాక్టర్’ అంటే లాటిన్‌లో బోధించేవాడు. అందులోని ‘తోర్’, సంస్కృతంలోని ‘తృ’ తోబుట్టువులు. దాతృ, నేతృ, వక్తృ శబ్దాలే తెలుగులో దాత, నేత, వక్త అయినాయి. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి వెలువడి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించడానికి, ధాతువులలోనూ వ్యాకరణ రూపాలలోనూ కనిపించే ఇటువంటి పోలికలే ఆధారం.

తెలుగు ఆ కుటుంబానికి చెందినది కాదు. తెలుగు, తమిళ, కన్నడాలది వేరొక కుటుంబమని 1816లో ఎల్లిస్ దొర నిరూపించాడు. కనుక ‘జాతి’ మనకు సంస్కృతం ఇచ్చినది. ‘నేషన్’ ఆంగ్లానికి లాటిన్ ఇచ్చినది. ఋణగ్రహీతలుగా ఇరువురిదీ ఒకే స్థితి.

లాటిన్ కూడా ఈ ప్రత్యయాలతో సాహసాలు చేసింది. గ్రీకు తత్త్వశాస్త్రాన్ని లాటిన్‌లో చెప్పబూనిన సిసిరోకు ఒక మాట కరువైంది. ‘ఎటువంటి’ అనే అర్థం గల ‘క్వాలిస్’ శబ్దానికి ప్రత్యయం చేర్చి ‘క్వాలితాస్’ అని కల్పించాడు. మనం ‘ఎటువంటితనం’ అన్నట్లు! నేడు ‘క్వాలిటీ’ కూరగాయల సంతలోనూ వినబడే మాట.

అరువు సొమ్ము ఆంగ్లంలో అరువుగానే ఉండిపోలేదు. ‘స్టార్వ్’ అచ్చమైన ఆంగ్ల క్రియ. పూర్వం చనిపోవుట అని, క్రమంగా ఆకలితో మాడుట అని దాని అర్థం. పద్దెనిమిదవ శతాబ్దంలో దానికి లాటిన్ తోక తగిలించి ‘స్టార్వేషన్’ అన్నారు. సంకరపదమని పెదవి విరిచినవారూ ఉన్నారు. అయినా పదం నిలిచింది. మనమూ ‘కొనుగోలు’, ‘అమ్మకం’ అనే తెలుగు మాటలకు పారసీక ప్రత్యయాన్ని చేర్చి కొనుగోలుదారు, అమ్మకందారు అంటున్నాము. అందులో పారసీకం ఉన్నదన్న సంగతి కొనేవానికీ తట్టదు, అమ్మేవానికీ తట్టదు.